పదకొండో నంబరు అంగీ

1969 నవంబరు 2, ఆదివారం

మళ్లీ ఓడిపోయాం. డోర్నకల్ వాళ్లు ఒకటి కొట్టారు, మనవాళ్లు సున్నా. వరుసగా ఇది నాలుగో సున్నా.

ఈ డైరీ కచేరీలో ఎవరూ వాడకుండా పడి ఉంటే ఇంటికి తెచ్చుకున్నాను. జనవరి నుంచి అక్టోబరు దాకా కాగితాలన్నీ తెల్లగా ఉన్నాయి. వాటిని అట్లాగే ఉంచుతాను. ఆ నెలల్లో ఏం జరిగిందో మానుకోటలో అందరికీ తెలుసు. జూన్‌లో ప్రత్యేక తెలంగాణ కోసం హైదరాబాదులో ఊరేగింపుకని మా తమ్ముడు వెంకట్రాం, వాడి దోస్తు బాల్‌సింగ్ కలిసి రైలెక్కారు. అక్కడ కాల్పులు జరిగాయి. ఇద్దరు పోతే ఒక్కడు తిరిగొచ్చాడు. దీని గురించి ఇక రాయను.

రాయాల్సింది ఆట గురించి. నేను మానుకోట ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిని. కార్యదర్శి అంటే పెద్ద హోదా ఏమీ కాదు. తాలూకా కచేరీ గుమాస్తాను, దస్తూరి గుండ్రంగా ఉంటుందని ఉత్తరాలు, పేర్ల జాబితాలు రాసే పని నా నెత్తిన పెట్టారు. నేనెన్నడూ బంతిని తన్ని ఎరగను. మా ఇంట్లో కాళ్లు తమ్ముడివి, చేతులు నావి అనేది మా ఇద్దర్నీ కన్న అవ్వ.

నవంబరు 3

స్టేషన్ ముందు గోవర్ధన్ హోటల్లో ఇవాళ పెద్ద పంచాయతీ. మనవాళ్లు గోలెందుకు కొట్టలేకపోతున్నారు?

“బాల్‌ల గాలి తక్కువున్నదే. నేను నొక్కి సూసిన” అన్నాడు రైల్వే పాయింట్స్‌మన్ ఎల్లయ్య. ఆట ఉంటే డ్యూటీ మార్చుకునేంత పిచ్చి అతనికి.

“ఆళ్లకైనా గదే బాల్ గద!”

“మన గ్రౌండే ఒంపున్నది.”

“సగం ఆట కాంగనే దిక్కు మారరా? ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ ముచ్చట.”

గోవర్ధన్ గిన్నె దించి చేయి తుడుచుకుంటూ వచ్చాడు. “గాలి గాదు, ఒంపు గాదు. అసలు సంగతి...” అని నా దిక్కు చూసి ఆగాడు. “చాయ్ తాగు మోహనన్నా, సల్లారుతది.”

అసలు సంగతి నేనే చెప్పాను. బాల్‌సింగ్. సెంటర్ ఫార్వర్డ్ అన్నవాడు గోల్ కొట్టాలి. నాలుగు ఆటల్లో ఒక్కటీ కొట్టనివాడు ఎందుకు? ఎల్లయ్య బీడీ ముట్టించుకోవడానికి బయటికి పోయాడు.

నవంబరు 9

తమ్ముడి మాసికం. అవ్వ సర్వపిండి కాల్చింది. విస్తరి వేసి, కాస్త మాడిన ముక్కే తీసి పెట్టింది. వాడికి మాడిందే ఇష్టం.

వాడి పదకొండో నంబరు అంగీ నా పెట్టెలో ఉంది. జూన్‌కు ముందు ఆఖరి ఆటలో వేసుకున్నది, ఉతకలేదు. పెట్టె తెరిస్తే చెమట వాసన, వాడు రాసుకునే నువ్వుల నూనె వాసన. దినాల నాడు కెప్టెన్ రాజలింగం వచ్చినప్పుడే చెప్పాను, ఏడాది తిరిగే దాకా ఈ నంబరు ఎవ్వరికీ ఇవ్వద్దని. సరేనన్నాడు. ఇంతవరకు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. బడిలో డ్రిల్లు మాస్టరు కదా, గొంతు గరుకు గానీ మనిషి మంచివాడు.

నవంబరు 23, ఆదివారం

ఖమ్మం చేతిలో ఓటమి. రెండు సున్నా.

ఇవాళ పట్టుబట్టి బాల్‌సింగ్ కాళ్లనే చూశాను. ఇంకెటూ చూడలేదు. ఇద్దరిని తప్పించుకుని గోల్ ముందుకు వస్తాడు. గోల్ ఎదురుగా ఉంటుంది. కొట్టడు. కళ్లెత్తకుండా బంతిని ఎడమ దిక్కుకు తంతాడు. అక్కడ ఎవరూ ఉండరు. బంతి గీత దాటి కట్టెల డిపోలోకి పోతుంది. ఒకసారి కాదు, మూడుసార్లు.

జనం తిడతారనుకున్నాను. “అరెరే” అని ఊరుకున్నారు. తిట్టింది నేనే. “కండ్లు నెత్తికెక్కినయారా? ఎవరికి ఏస్తున్నవ్?” అని గొంతు చించుకున్నాను. వాడు నా దిక్కు చూశాడు. అంగీ ఎత్తి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

నవంబరు 24

అన్నం దగ్గర నా భార్య ప్రమీలకు ఈ సంగతి చెప్పాను. “ఎడమ దిక్కు ఇప్పుడు ఎవరు ఆడుతున్నరు మరి?” అనడిగింది. ఆడవాళ్లకు ఆట సంగతి ఏం తెలుసని కసిరాను. ఆమె పెరుగు వడ్డించి లోపలికి పోయింది.

డిసెంబరు 14

జనగామ నుంచి ఉత్తరం. జనవరి పదకొండున అక్కడ పెద్ద పోటీ. రైల్వే వాళ్ల క్రీడాధికారి వస్తున్నాడు, చూసి ఇద్దరిని ఖలాసీలుగా తీసుకుంటాడట. పక్కా సర్కారు నౌకరీ. హోటల్లో అందరిదీ ఒకటే మాట, బాల్‌సింగ్‌కు రాత తిరిగిందని.

డిసెంబరు 17

బాల్‌సింగ్ తల్లి భద్రమ్మ తండా నుంచి నడిచి వచ్చింది. కొంగులో రేగుపండ్లు తెచ్చి గడపలో పోసింది.

“మా పోరని పేరు రాయి బాపు. గూడ్సు షెడ్డుల మూటలు మోసి మోసి వాని ఈపు పగులుతున్నది. నీ తమ్ముడు ఉంటే నేను నీ గడప దాక రాకపోదును. ఆడే రాయిస్తుండె.”

“సూస్త” అన్నాను.

అవ్వ ఆమెను కూర్చోబెట్టి అన్నం పెట్టింది. నాకు కోపం వచ్చింది. ఒకామెకు కొడుకు ఉన్నాడు, వాడికి నౌకరీ అడుగుతోంది. మా అవ్వ అడగడానికి ఏమీ లేదు.

డిసెంబరు 28, ఆదివారం

జాబితా రాశాను. ఊళ్ల మధ్య ఆటలకు జాబితాలు ఉండవు, కాబట్టి జూన్ తర్వాత ఇదే మొదటిది. సెంటర్ ఫార్వర్డ్: యాదగిరి. బాల్‌సింగ్ పేరు పదకొండు మందిలో లేదు, ఆపైన ఇద్దరిలోనూ లేదు. ఆర్నెల్లుగా గోల్ కొట్టనివాడిని పంపితే ఊరికే నామోషీ. ఇందులో పగ ఏమీ లేదు. న్యాయం న్యాయమే.

కలం ఎక్కడా ఆగలేదు. కొట్టివేతలు లేవు. ఇంత చక్కగా ఈ మధ్య రాయలేదు. మళ్లీ చూడకుండానే కవరు అంటించాను.

ఇందులో పగ ఏమీ లేదు.

డిసెంబరు 31

బాల్‌సింగ్ కచేరీ మెట్ల దగ్గర నిలబడ్డాడు. తల మీద గోనెసంచి దుమ్ము.

“నా పేరు లేదటనే అన్నా?”

“లేదు.”

“సరే అన్నా.” పోలేదు. తల మీది దుమ్ము దులుపుకుని, “అవ్వ మంచిగున్నదా?” అన్నాడు.

“ఉన్నది.”

పోయాడు. కొట్లాడుతాడనుకున్నాను. కొట్లాడితే అడగాలనుకున్నాను. వాణ్ణి వెంటబెట్టుకుని పోయినవాడివి, అక్కడ ఎందుకు వదిలావురా అని. ఆర్నెల్ల నుంచి ఆ ఒక్క మాట నా గొంతులో ఉంది.

1970 జనవరి 5

డైరీ చివర మిగిలిన గీతల కాగితాల్లో రాస్తున్నాను. తండా వాళ్లతో కలిసి బాల్‌సింగ్ భూపాలపల్లి దిక్కు అడవికి వెదురు కొట్టడానికి పోయాడట. గోవర్ధన్ చాయ్ కప్పు నా ముందు పెట్టలేదు, కొట్టినట్టు దించాడు. సగం చాయ్ సాసర్లో పడింది.

జనవరి 11, ఆదివారం, జనగామ

తిరుగు రైలులో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ.

ఆటకు ముందు బల్ల వేసుకుని కూర్చున్న పెద్దమనిషి మా జాబితా తీసి ఒక్కో పేరు చదివాడు. పిలిచినవాడు “ఉన్నా” అని ముందుకు రావాలి. గోల్ కీపర్ వచ్చాడు. బ్యాకులు వచ్చారు. యాదగిరి వచ్చాడు. ఆఖర్న ఆయన చదివాడు.

“లెఫ్ట్ అవుట్, వెంకట్రాం.”

ఎవరూ కదలలేదు. నేను వెనక నిలబడి ఉన్నాను. వేరే ఊరి వెంకట్రాం ఎవరో అనుకున్నాను.

“వెంకట్రాం ఏడయ్యా? ఉన్నడా, లేడా?”

రాజలింగం నేలను చూస్తూ, “ఉన్నడు” అన్నాడు. ఆపైన రాసిన ఇద్దరిలో ఒకడు, బ్యాక్‌గా ఆడే సత్తయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. పెద్దమనిషి టిక్కు పెట్టుకున్నాడు.

పోయి జాబితా చూశాను. నా దస్తూరే. పదకొండో అంకె, ఎదురుగా మా తమ్ముడి పేరు, వాడికి నేను ఎప్పుడూ పెట్టే పొడుగు ‘వ’తో సహా. పదమూడేళ్ల నౌకరీలో చచ్చినవాడి పేరు బతికినవాళ్ల రిజిస్టరులో ఒక్కసారీ రాయలేదు నేను.

ఆట మొదలైంది. ఇవాళ చూడటానికి బాల్‌సింగ్ కాళ్లు లేవు. అందుకని మైదానమంతా చూశాను. పేరుకు లెఫ్ట్ అవుట్‌గా ఎడమ అంచున ఆడాల్సిన సత్తయ్య పోయి వెనక బ్యాకుల్లోనే నిలబడ్డాడు. ఎడమ గీత పొడుగునా, వెంకట్రాం పరుగెత్తే జాగా అంతా ఖాళీ. ముందు ఐదుగురు ఆడాల్సిన చోట నలుగురు. అవతలివాళ్లు ఆ దిక్కున కాపలా కూడా పెట్టలేదు. నాలుగు సున్నాతో ఓడిపోయాం.

రైల్వే అధికారి మా దగ్గరికి వచ్చి, “మీ దగ్గర బాల్‌సింగ్ అని ఒకడున్నడట, ఏడి?” అన్నాడు. ఎవరూ నా దిక్కు చూడలేదు. “ఇరవై తారీకు లోపల కాజీపేట గ్రౌండుకు తోలియ్యండి, జర సూస్త” అని పోయాడు.

రైలెక్కాక రాజలింగాన్ని అడిగాను. “ఆర్నెల్ల నుంచి ఎడమ దిక్కు ఎవర్ని నిలబెట్టలేదా?”

“నువ్వే గదన్నా ఏడాది దాక వద్దంటివి.”

“అంగీ వద్దన్న. జాగ ఖాళీ పెట్టుమన్ననా?”

“అంగీ లేంది జాగెట్లుంటదన్నా?” గరుకు గొంతు తగ్గించాడు. “ఎవర్ని నిలవడుమన్నా, మోహనన్న సూస్తుండు, నాతోని గాదు అన్నరు. ఇగ సత్తయ్యను ఎనక్కి గుంజిన. హోటల్ల గూడ నువ్వు లేచి పోయినంక గదే ముచ్చట. నీ ముందట ఎవరంటరు?”

“మరి బాల్‌సింగును తిడుతుంటే ఒక్కరన్న చెప్పద్దా?”

“చెప్తమన్నం. వద్దని బాల్‌సింగే ఒట్టు పెట్టుకున్నడు. అన్నను ఇంకింత ఏడిపియ్యద్దు, నన్నే తిట్టనియ్యిండ్రి అన్నడు.”

మొహం కిటికీకి తిప్పుకున్నాను. నవంబరులో నేను రాసిన పేజీలు ఇప్పుడే తిరగేశాను. ‘అక్కడ ఎవరూ ఉండరు’ అని నేనే రాశాను. ప్రమీల అడిగింది కూడా రాశాను.

జనవరి 17, భూపాలపల్లి

సెలవు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. వరంగల్, పరకాల మీదుగా బస్సు. అక్కడి నుంచి వెదురు లారీలో కొంత, నడక కొంత. గుడిసెల దగ్గర బాల్‌సింగ్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి కాలికి ఆకుపసరు కట్టు. కొట్టిన వెదురు మోడు పాదంలోకి దిగబడిందట. చీలమండ దాకా వాచి నిగనిగలాడుతోంది.

“ఎందుకొచ్చినవన్నా గింత దూరం?”

కాజీపేట సంగతి చెప్పబోయి ఆ కాలు చూసి ఆగిపోయాను. అయినా చెప్పాను. దాచుకునే హక్కు నాకు లేదు. విని కాలు వంక చూసుకుని నవ్వాడు. “మంచి కాలే కోరుకున్నది మోడు” అన్నాడు.

“ఎడమ దిక్కు ఎవరు లేరని ఎరుకే గద. మరి ఎందుకు అటే ఏసినవ్‌రా?”

“ఎరుక లేక గాదన్నా. కాలుకు చెప్పిన, ఇనదు. ఏడేండ్ల సంది అటే ఏసిన. నేను ఏసేటాలకు ఆడు అక్కడుంటుండె. తన్నినంక యాదికొస్తది, లేడని.”

వాడే చెప్పాడు.

“ఆ దినం గూడ నా ఎడమ దిక్కే ఉండె అన్నా. తుపాకులు పేలినయి. ఉర్కురా అన్న, ఉర్కినం. నాకంటె ఆడే ఉషారు గద, ముందటికి పోయే ఉంటడనుకున్న. సందు మలిగినంక ఎడమ దిక్కు సూసిన. లేడు. ఎనక్కి ఉర్కిన. నా ఒళ్లెనే తల పెట్టిండు. అన్నకు ఏం చెప్తవ్‌రా అన్నడు. ఏం చెప్పాల్నో నాకు తెల్వలే. గిన్ని దినాలు తెల్వలే.”

వాడి మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను. జూన్‌లో నేను ఏడవలేదు. పెద్దకొడుకును, చూసుకోవాల్సిన పనులుంటాయి. ఇవాళ తండా వాళ్లంతా చూస్తుండగా ఏడ్చాను. బాల్‌సింగ్ నా వీపు మీద చేయి వేసి, “ఊకో అన్నా, ఊకో” అంటున్నాడు. వాడి పేరు తీసేసిన నన్ను.

జనవరి 20

ఇవాళే ఇరవై. బాల్‌సింగ్ వరంగల్ దవాఖానలో ఉన్నాడు. కాలు కోసి చీము తీశారు.

ఫిబ్రవరి 6

రైల్వే అధికారికి మూడు ఉత్తరాలు రాశాను. తప్పు నాదని, ఆటగాడిది కాదని మొదటి వాక్యంలోనే రాశాను. ఇవాళ జవాబు. ఎంపిక పూర్తయింది, వచ్చే ఏడాది చూస్తామన్నారు. పాతికేళ్లు దాటిన వాళ్లను తీసుకోరని కింద ఒక ముక్క. వచ్చే ఏటికి బాల్‌సింగ్‌కు ఇరవై ఆరు.

ఉత్తరం పట్టుకుని తండాకు పోయాను. భద్రమ్మకు చదివి వినిపించాను. నన్ను తిట్టు అవ్వా అన్నాను. ఆమె తిట్టలేదు. చెంబుతో నీళ్లు ఇచ్చి, “ఎండల వచ్చినవ్” అంది. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 15

అవ్వను అడిగాను. అంగీ ఇచ్చేద్దామా అని. ఏడాది తిరగలేదు ఇంకా.

“నేనేమన్న ఇయ్యద్దన్ననా? నువ్వే పెట్టెల పెట్టి తాళమేసుకుంటివి” అంది.

మార్చి 8, ఆదివారం

కురవి జాతరకు వచ్చిన జనం కూడా మైదానం చుట్టూ చేరారు. మా ఊళ్లోనే ఆట, మళ్లీ డోర్నకల్‌తో. బాల్‌సింగ్ కర్ర పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. ఆడకపోయినా రాకుండా ఉండలేడు.

అంగీ సత్తయ్యకు నేనే తొడిగాను. “నాతోని అయితదా అన్నా?” అన్నాడు. అయితది అన్నాను. వీపు మీది పదకొండు చూస్తూ ఉండలేక పక్కకు జరిగాను.

మొదటి బంతి ఎడమకు వచ్చింది. సత్తయ్య కాలు జారి పడ్డాడు. రెండోది గీత దాటించాడు. మూడోది దొరికింది. పట్టుకుని ఏం చేయాలో తెలియక నిలబడ్డాడు.

“మధ్యలకు ఎయ్‌రా! ఎయ్!” బాల్‌సింగ్ కర్ర నేలకేసి కొడుతున్నాడు.

నేనూ అరిచాను. “ఎయ్‌రా వెంకట్రాం, ఎయ్!”

చుట్టూ అందరూ విన్నారు. ఎల్లయ్య తల దించుకున్నాడు. సత్తయ్య ఒక్కసారి నా దిక్కు చూశాడు. చూసి వేశాడు. యాదగిరి తల తగిలి లోపలికి పోయింది. తొమ్మిది నెలల తర్వాత గోల్. జనం ఎగురుతుంటే బాల్‌సింగ్, నేను ఒకరి చేయి ఒకరు పట్టుకుని కదలకుండా నిలబడ్డాం. వాడి కాలు నొస్తున్నట్టుంది, నా మీద బరువు వేశాడు.

చివరికి రెండు ఒకటితో ఓడిపోయాం.

హోటల్లో గోవర్ధన్ నా మొహం మీదనే అన్నాడు. “సత్తయ్యకు తన్నేటందుకు ఎడమ కాలే లేదు. గసొంటోన్ని ఎడమ దిక్కు ఎవడు నిలబెట్టిండు?” “నేనే” అన్నాను. “నీకు ఆట తెల్వది మోహనన్నా, ఊకె రాసుకో” అన్నాడు. అందరూ నవ్వారు. గంటసేపు కొట్లాడుకున్నాం. ఈసారి గోవర్ధన్ చాయ్ కప్పు నెమ్మదిగా దించాడు.

మార్చి 9

బాల్‌సింగ్ మళ్లీ గూడ్సు షెడ్డుకు పోతున్నాడు. ఒక్కో అడుగు కుంటుతూ, ఎప్పటిలాగే మూట మోస్తున్నాడు. ఇక ఆడలేడని దవాఖానలో చెప్పారు. వాడికి చెప్పింది నేనే. “సరే అన్నా” అన్నాడు, డిసెంబరులో అన్నట్టే.

సత్తయ్య అంగీ తెచ్చి ఇచ్చాడు. అవ్వ చేయి చాపింది. “గిదేం మన్నురా, ఒక్కనాడు సక్కగ తేలేదు గద మీరు” అని గొణుక్కుంటూ బాయి దగ్గరికి తీసుకుపోయింది. వెంకట్రాం అంగీలకు కూడా ప్రతి ఆదివారం ఇదే గొణుగుడు. రెండుసార్లు సబ్బు పెట్టి రుద్దింది. మూడోసారి పెట్టబోయి, అంగీ ముడిచి మొహానికి అద్దుకుని, కాసేపు అట్లాగే కూర్చుంది. తర్వాత లేచి పిండి దండెం మీద వేసింది.

“ఆదివారానికి ఆరుతది. తీస్కపో” అంది.

ఆమె లోపలికి పోయాక దండెం దగ్గరికి పోయి వాసన చూశాను. సబ్బు వాసనే వచ్చింది.